బోర్లించిన రాయి

పోయిన నెల మా ఇంట్లో వంటగది మళ్లీ పగలగొట్టారు. గోడ నిండా అరలు, పొగ లాగేసే యంత్రం ఉన్న వంటగది కావాలని నా కోడలు సునీతకు చాలాకాలంగా కోరిక. నాకు అభ్యంతరం లేదు. వండుకునేది ఆమె, చెమటలు కక్కేది ఆమె. పనివాళ్లు పొద్దున్నే వచ్చి గట్టు కింద కొట్టి ఉన్న చెక్కలు, గట్టు వెనక గోడకు అతికించిన టైల్సు ఊడదీశారు. నేను వసారాలో పేపరు చదువుకుంటున్నాను. లోపల సుత్తి చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ వెంటనే సునీత పిలిచింది.

"మామయ్యా, ఒకసారి ఇటు రండి. ఈ బండకి వెనకవైపు పేరుంది."

వెళ్లాను. గట్టు మీది నల్లటి కడప బండను ఎత్తి గోడకు నిలబెట్టారు. దాని అడుగుభాగం మొదటిసారి వెలుగులోకి వచ్చింది. బూజు, బొద్దింకల గుడ్లు, పాత మసి. వాటి కింద చెక్కిన సిలువ. సిలువ కింద 'ఇన్నయ్య' అని ఒకే ఒక్క మాట. సునీత కొంగుతో అక్షరాలు తుడిచింది.

"తాతయ్యగారి పేరేగా ఇది? మరి సమాధుల తోటలో ఉన్న రాయి?"

"అదీ ఆయనదే."

"ఒక మనిషికి రెండు రాళ్లా మామయ్యా?" అని నవ్వింది. ఆమెకేం తెలుసు? బండను ముక్కలు చేయొద్దని, నా గదిలో గోడవార పెట్టమని పనివాళ్లకు చెప్పి బయటికి వచ్చేశాను. ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ లేదు.

మాది గుణదల. అప్పట్లో కొండ కిందా కాలువ వెంటా పెంకుటిళ్లు, మధ్య మధ్య తాటాకు ఇళ్లు ఉండేవి. మా ఇంటికి రెండు గదులు, వెనక ఏటవాలుగా దించిన ఒక చాపు. ఆ చాపే వంటిల్లు. ఒక మూల మట్టి పొయ్యి, దాని పక్కనే రంపపు పొట్టు వేసి వండే డబ్బా పొయ్యి. మా అమ్మ ఆరోగ్యమ్మ తెల్లవారకముందే లేచి డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, చేత్తో అదిమి అదిమి, రోకలిని మెల్లగా తిప్పుతూ పైకి తీసేది. నిలువునా గుండ్రటి బొక్క మిగిలేది. అడుగున నిప్పు పెడితే రెండు పూటల వంట దానిమీదే. ఆ పొగకు ఒక తియ్యటి చేదు వాసన ఉంటుంది. మా బట్టలకు, పుస్తకాలకు, దుప్పట్లకు, ఆదివారం పూజకు వేసుకునే తెల్ల చొక్కాకు కూడా ఆ వాసనే. ఎండు రొయ్యలు వేయించిన రోజు ఆ వాసన వీధి చివరిదాకా పోయేది. గోంగూర ఉడికే రోజు పులుపు ముక్కుకు తగిలేది. అమ్మ పని అంతా కూర్చునే. చెక్క పీట మీద కూర్చుని కత్తిపీట ముందు పెట్టుకుని కూరలు తరిగేది, కూర్చునే వండేది, కూర్చునే వడ్డించేది. ఆమె మోకాళ్లు అప్పటికే పాడైపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే ఎక్కువసేపు నిలబడలేదు. అందుకని చేతికి అందేటట్టు అన్నీ చుట్టూ పేర్చుకుని, ఆ మూల తన రాజ్యంలా ఉండేది.

మా నాన్న వన్ టౌన్‌లో ఒక మిరపకాయల గోడౌన్‌లో కాటా వేసే మనిషి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన జుట్టులో, కనురెప్పల మీద కూడా కారం దుమ్ము ఉండేది. బావి దగ్గర స్నానం చేసి వచ్చి వంటింటి గడప మీద కూర్చుని, వీపు ద్వారబంధానికి ఆనించి, బెల్లం టీ తాగుతూ ఆ రోజు కాటా దగ్గర జరిగిన తగవులన్నీ అమ్మకు చెప్పేవాడు. ఒక వానాకాలం ఆ గోడౌన్‌లోనే గుండె పట్టుకుని పడిపోయాడు. ఇంటికి తెచ్చేసరికి ప్రాణం లేదు. కాలువకూ కొండకూ మధ్య ఉన్న సమాధుల తోటలో పెట్టాం. మట్టి దిబ్బ, దాని తల దగ్గర చెక్క సిలువ.

మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. సమాధి మీద రాయి వెంటనే వేయరు. తవ్వి పూడ్చిన మట్టి ఏడాది, రెండేళ్లన్నా కుంగాలి. లేకపోతే రాయి ఒకవైపుకు ఒరిగిపోతుంది. అప్పటిదాకా మట్టి దిబ్బే. ఏటా నవంబరులో సమాధుల పండుగ ముందు కొత్త మట్టి మెత్తి, సున్నం వేసి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. రాయి వేయించుకోలేని వాళ్ల దిబ్బలు కొన్నేళ్లకు నేలలో కలిసిపోతాయి. అక్కడే ఇంకొకరికి గుంట తవ్వుతారు. ఎవరూ ఎవరినీ తప్పు పట్టరు, స్థలం అంతే మరి. అమ్మకు ఆ భయం ఉండేది. గేదె పాల మీద కూడబెట్టి, నాన్న పోయిన ఏడాది లోపలే కడప బండ కొన్నది. రాళ్లు చెక్కే అతని దగ్గర సిలువ, నాన్న పేరు చెక్కించింది. పుట్టిన తేదీ, పోయిన తేదీ రాయి వేసేటప్పుడు చెక్కుదామనుకున్నారు. బండిమీద ఇంటికి తెచ్చి దొడ్లో గోడకు చేరేశారు. వారానికి ఒకసారి అమ్మ గేదెను కడిగిన తర్వాత ఆ రాయిని కూడా నీళ్లు పోసి కడిగేది. ఆ పనికి వేరే చెంబు పెట్టుకుంది.

ఆ మరుసటి ఏడు నాకు పెళ్లయింది. నేను లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమాస్తాను. నా భార్య లూర్దు మేరీ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది. అక్కడ నిలబడి వండే సిమెంటు గట్టు, కిటికీ, నీళ్లు పోవడానికి తూము ఉండేవి. మా ఇంట్లో పొట్టు పొగకు ఆమె కళ్లు కారిపోయేవి. దగ్గు వచ్చేది. కానీ వంటిల్లు మార్చమని ఆమె ఎన్నడూ నన్ను అడగలేదు. ఆ సంగతి ముందే రాసుకోవాలి, ఎందుకంటే తర్వాత చాలామందితో, ఆవిడ కోసమే చేశానని చెప్పుకున్నాను. నిజానికి అది మా మామగారి మాట. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు కూతురు మొహం చూసి, "ఏందల్లుడూ, మా పిల్ల కళ్లు మిరపపళ్లల్లే ఉన్నయ్? అడివిలో గానీ కాపురం పెట్టావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకు ఆయనా, ఆయన చుట్టాలూ మా ఇంట్లోనే దిగుతారు. గుణదలలో ఇల్లున్న ప్రతివాడికీ ఆ మూడు రోజులు చుట్టాలే. ఆ లోపల వంటిల్లు మార్చి తీరాలని పట్టుబట్టాను.

జనవరిలో అమ్మ ఉయ్యూరు వెళ్లింది. మా పిన్ని కూతురి పురిటికి. సరిగ్గా అదను దొరికిందనుకున్నాను. నా చేతిలో ఉన్నది చాలా కొంచెం. వన్ టౌన్‌లో ఒక పాత గోడౌన్ గోడ పడగొడుతుంటే ఆ ఇటుకలు చవగ్గా రిక్షాలో వేయించుకు వచ్చాను. సిమెంటు పర్మిట్ మీద తప్ప దొరకని రోజులు. ఎవరినో బతిమాలి అరబస్తా తెచ్చాను. మిగతా కట్టుబడి అంతా సున్నంతోనే. పాత కిటికీ చట్రం ఒకటి, తూముకు పగిలిన సిమెంటు గొట్టం ఒకటి. మట్టి పొయ్యిని నేనే గడ్డపారతో కొట్టి తీసేశాను. ఏళ్ల తరబడి అమ్మ పేడతో అలికిన పొయ్యి అది. రెండు దెబ్బలకు విడిపోయింది. లోపలి మట్టి ఎర్రగా కాలి ఉంది. తట్టలో ఎత్తి కాలువ గట్టున పోసి వచ్చాను. గట్టు ఎత్తు ఎంత ఉండాలని మేస్త్రీ అడిగితే లూర్దును నిలబెట్టి ఆమె నడుము దగ్గర గోడ మీద బొగ్గుతో గీత గీశాను. అమ్మ మోకాళ్లు నాకు గుర్తుకే రాలేదు.

మేస్త్రీ పేరు సాంబయ్య. పెద్దవాడు, పని తెలిసినవాడు. రెండు రోజుల్లో గట్టు కింద గోడలు లేపేశాడు.

"బండ ఎప్పుడొస్తది బాబుగారూ?" అని అడిగాడు.

"పోత పోయలేమా మేస్త్రీ?"

"ఇనుమేదండీ, సిమెంటేదండీ? ఉన్న అరబస్తా పైన పూతకే చాలదు. తిరునాళ్ల లోపల అవ్వాలంటే బండే దిక్కు." అని చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లినవాడు అక్కడే ఆగిపోయాడు. "ఇదెవరిదండీ? కొలతేసి కోసినట్టుంది మన గట్టుకి!"

"మా నాన్నది."

రాయి మీద వేయబోయిన చేయి సాంబయ్య చప్పున వెనక్కి తీసుకున్నాడు. "అయ్యో, సమాధి రాయా? చూడలేదండీ."

ఆయన ఆ మాటతో వదిలేశాడు. పట్టుకున్నది నేను.

"దీన్నే వేద్దాం మేస్త్రీ."

"వద్దు బాబుగారూ. పేరు పడ్డ రాయి. దీనిమీద కూరలొండుకు తింటారా?"

"బోర్లిస్తే పేరు ఎవరికి కనపడుద్ది? ఇంకోటి కొంటాలే. ఎట్టాగూ మట్టి ఇంకా కుంగాలి."

"మీ పద్ధతులు నాకు తెలవవు. అమ్మగారొచ్చిందాకా ఆగుదాం, నాలుగు రోజులు ఎటూ పోదు."

"అమ్మకి చెప్పాను. సరేనంది."

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. లోపల లూర్దు కూడా అదే అడిగింది. "అత్తయ్య నిజంగా ఒప్పుకున్నారా అండీ?" ఎన్నిసార్లు చెప్పాలని కసిరాను. ఆమె సిలువ గుర్తు వేసుకుని పక్కకు తప్పుకుంది. ఇద్దరు కూలీలూ, సాంబయ్యా, నేనూ కలిసి రాయిని మోసుకొచ్చి, సిలువనూ పేరునూ కిందికి చేసి, సున్నం పరిచిన గోడల మీద దించాం. కింద అరలు పెట్టేంత డబ్బు లేదు. అందువల్ల గట్టు అడుగు బోలుగానే మిగిలింది.

వారం తర్వాత అమ్మ ఉయ్యూరు బస్సు దిగి, ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో చెరుకు పానకం డబ్బాతో వచ్చింది. ఆమె చీరకు చక్కెర ఫ్యాక్టరీ ఊరి మడ్డి వాసన. వంటింటి గడప దగ్గర ఆగింది. కిటికీ చూసింది, తూము చూసింది, కొత్త వత్తుల స్టవ్ చూసింది. "బాగా చేయించావురా" అంది. నిజంగానే సంతోషంగా అంది. "ఎలుతురొచ్చింది. ఈ పిల్లకి దగ్గు తగ్గుద్ది." తర్వాత చేతిలోది కింద పెట్టి గట్టు మీద అరచేయి వేసింది. అంచు వెంట మెల్లగా జరిపింది. ఒక మూల రాయి కొంచెం పెచ్చు ఊడి ఉంటుంది. చేయి అక్కడికి వచ్చి ఆగింది. ఏమీ అనకుండా దొడ్లోకి వెళ్లింది. గోడకు రాయి చేరేసిన చోట సున్నం మాసిపోకుండా తెల్లగా, రాయి ఆకారంలోనే మిగిలి ఉంది. తిరిగి వచ్చింది.

"పేరు ఎటుందిరా?"

"కిందికమ్మా."

"నన్నడిగావా?"

లూర్దు నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

"సమాధుల పండగ లోపల ఇంకోటి తెస్తానమ్మా. ఇంతకంటే మంచిది. మరియమ్మ తల్లి మీద ఒట్టు."

"ఆమె మీద ఎందుకులేరా ఒట్టు" అంది అమ్మ.

ఆమె గోడ పట్టుకుని, మోకాళ్లు మెల్లగా వంచి నేలమీద కూర్చుంది. తల వంచి గట్టు కిందికి చూసింది. చాలాసేపు చూసింది. "నా పీట ఇటియ్యి అమ్మాయ్" అని కోడలిని అడిగింది. లూర్దు పీట ఇచ్చి ఏడుపు మొదలుపెట్టింది. "తీసేయిద్దాం అత్తయ్యా, రేపే తీసేయిద్దాం. నాకు తెలీదు, మీరు ఒప్పుకున్నారన్నారు." అమ్మ వద్దంది. "ఇప్పుడు పీకితే గోడలు చెడతయ్. తిరునాళ్లకి మీ వాళ్లొస్తన్నారు. వాడు తెస్తానంటన్నాడుగా." ఆ తర్వాత మేమిద్దరమే ఉన్నప్పుడు లూర్దు ఒకటే అడిగింది. "నాతో ఆడిన అబద్ధం ఇదొక్కటేనా, ఇంకా ఉన్నయ్యా?"

తిరునాళ్లకు మామగారు వచ్చారు. గట్టు మీద చరిచి, "గట్టిదే! అల్లుడూ, నిన్ను తక్కువ అంచనా వేశానయ్యా" అన్నారు. అమ్మ వాళ్లందరికీ అన్నం వడ్డించింది. పొట్టు పొయ్యిని దొడ్లోకి మార్చుకుని, గేదెల పాక పక్కన ఒక రేకు కింద కూర్చుని వండేది. గట్టు మీద ఒక గిన్నె కూడా ఆమె పెట్టలేదు. నాకు చిన్నతనంగా ఉండి, లోపల వండొచ్చుగా అంటే, "నిలబడలేను నాయనా" అనేది. అది కూడా నిజమే కాబట్టి నేను అక్కడితో ఊరుకునేవాణ్ని. కూరలు తరగడానికి మాత్రం గట్టు పక్కకే వచ్చి కూర్చునేది. ఒకసారి నా చేతిలో చెంచా జారి గట్టు కిందికి పోతే, తీద్దామని వంగాను. కింద అంతా బూజు పట్టి ఉంది. సిలువ, పేరు ఉన్నంత మేర మాత్రం నున్నగా తుడిచి ఉంది.

రాయి కొనలేనంత లేమి కాదు నాది. అది ఒప్పుకోవాలి. ఒక నెల గట్టు వెనక గోడకు తెల్ల టైల్సు వేయించాను. ఒక నెల ప్రెషర్ కుక్కర్ కొన్నాను. వానలు మొదలయ్యాక చాపు పెంకులు తీసి రేకులు వేయించాను. ఒకటి బాగు చేస్తే దాని పక్కది పాతగా కనిపించేది. వంటింటికి పెట్టేది కళ్లకు కనబడుతుంది, వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. సమాధుల తోటకు వచ్చి మెచ్చుకునేదెవరు? అమ్మ రెండుసార్లే అడిగింది. మొదటిసారి ఆగస్టులో, మేరీమాత మోక్షారోహణ పండుగనాడు గుడి నుంచి వస్తూ. "మట్టి కుంగిందిరా, చూసొచ్చా" అంది. రెండోసారి అక్టోబరు చివర.

"పండగొస్తంది జోజీ."

"ఈసారికి సున్నం వేద్దామమ్మా. క్రిస్మస్‌కి రాయి వేయిద్దాం. ఇన్నాళ్లు ఆగినవాళ్లం రెండు నెలలు ఆగలేమా?"

"ఆయన ఆగుతాడులే" అంది. అంతే.

సమాధుల పండుగ ముందురోజు అమ్మా నేనూ వెళ్లి దిబ్బకు మట్టి మెత్తాం. ఆమె నేలమీద చతికిలబడి, పొయ్యి అలికినట్టే, రెండు చేతులతో మెత్తింది. చెక్క సిలువ మొదలు చెదలు తినేసింది. ఇటుక ముక్కలు దోపి నిలబెట్టాను. మరునాడు ఫాదర్‌గారు వరస వెంట వరస నడుస్తూ దీవెన జలం చల్లారు. సున్నం తడి ఆరని మా దిబ్బ మీద మూడు కొవ్వొత్తులు వెలిగాయి. అదే ఆఖరు.

ఆ నవంబరులోనే దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. బెజవాడలో మాకు వచ్చింది గాలీ వానే. పగలంతా చీకటిగా ఉండి, చెట్లు కూలి, కరెంటు పోయి, చుట్టుపక్కల పెంకులన్నీ ఎగిరిపోయాయి. మా రేకులు కదల్లేదు. నేను కొత్త గట్టు దగ్గర నిలబడి వేడి టీ తాగుతూ, సమయానికి బాగు చేయించానని లూర్దుతో అన్నాను. సమాధుల తోట నా తలపులోకి రాలేదు. మూడో రోజు కింది ఊళ్ల నుంచి వార్తలు రావడం మొదలైంది. ఊళ్లకు ఊళ్లు లేవన్నారు. మా ఆఫీసు లారీలు బియ్యం మూటలతో అటు వెళ్లి, డ్రైవర్లు తిరిగి వచ్చి అన్నం ముందు కూర్చుని తినలేకపోయారు. అమ్మ ఆ వార్తలు వింటూ జపమాల తిప్పుతూనే ఉంది. వాన పూర్తిగా వెలిశాక, "ఒకసారి ఆయన్ని చూసొద్దాం పద" అంది.

కాలువ గట్టు ఒకచోట తెగి నీళ్లు సమాధుల తోట మీదుగా పారాయి. మేం వెళ్లేసరికి నీళ్లు తీశాయి. దిబ్బలు లేవు. వరసలు లేవు. నేలంతా ఒకటే బురద పలక. చెక్క సిలువలన్నీ కొట్టుకుపోయి, గుర్రపుడెక్క తీగలు చుట్టుకుని, అవతలి గోడ మూల కుప్ప పడి ఉన్నాయి. కాపలా ఉండే దావీదు మోకాలి లోతు బురదలో నిలబడి ఉన్నాడు.

"రాళ్లున్నయి ఉన్నచోటే ఉన్నయి జోజిగారూ" అన్నాడు. "మట్టియ్యే చదునైపోయినయ్. నన్నేం చెప్పమంటారు? నాకూ ఆ సిలువలే గుర్తు."

గోడ నుంచి అడుగులు లెక్కపెట్టాను. రెండోసారి పెడితే ఇంకోచోటికి వచ్చాను. సిలువల కుప్పలో మాది వెతికాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి, అన్నిటి మీదా రంగు కడుక్కుపోయింది. బురదలోనే కూలబడ్డాను. మనిషి పోయినప్పుడు కూడా నేను అంతగా ఏడవలేదు. అమ్మ నా దగ్గరికి రాలేదు. చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, నొప్పి మోకాళ్లతో ఆ బురదలో ఒక్కో అడుగే వేస్తూ అటూ ఇటూ తిరిగింది. చివరికి ఒక రాతి సమాధి దగ్గర ఆగింది. అది మా పేటలో పాఠాలు చెప్పిన ఒక టీచరమ్మది.

"ఇదిగో, ఇక్కడేరా" అని కేకేసింది. "టీచరమ్మ పక్కన. ఆ మాత్రం నాకు తెలీదా? లే ఇంక."

లేచాను. నా చేతి గడియారం, సైకిలు అమ్మేశాను. పదిరోజుల్లో కొత్త రాయి తెచ్చాను. వంటింటి బండనే పెకలించి తెస్తానన్నాను మొదట. అమ్మ ససేమిరా అంది. "నూనె మరకలు పడ్డదాన్ని ఆయన మీద వేస్తావా?" అంది. సరే, కొత్తదే. సిలువ, పేరు, రెండు తేదీలూ చెక్కించి టీచరమ్మ పక్కన వేయించాను. మట్టి కుంగాల్సిన పని కూడా లేకపోయింది. ఏటా సమాధుల పండుగకు అమ్మా, లూర్దూ, నేనూ, తర్వాత మా అబ్బాయీ ఆ రాయి కడిగి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లం. ఆలస్యమైనా తప్పు దిద్దుకున్నానని నెమ్మదిగా నమ్మాను. పాపసంకీర్తనంలో ఫాదర్‌గారికి చెప్పుకున్నాను కూడా. ఆయన కొన్ని జపాలు చెప్పమన్నారు. ఒక్క పూటలో అయిపోయాయి.

అమ్మ మంచాన పడ్డ ఏడాది, ఒక మధ్యాహ్నం ఆమెకు జావ పట్టిస్తున్నాను. లూర్దు గుడికి వెళ్లింది. రెండు చెంచాలు తాగి చాలంది.

"జోజీ, నన్ను ఆ రాయి పక్కన పెట్టమాకు."

"అదేందమ్మా? నాన్న పక్కన నీకు సరిపడా చోటు అడిగి పెట్టాను గదా."

"అక్కడున్నది మీ నాయన కాదురా."

జావ గిన్నె కింద పెట్టాను.

"ఆ రోజు నువ్వేగా ఇక్కడే అన్నావు?"

"అనకపోతే నువ్వు లేచేటట్టు లేవు. బురదలో పడి అట్టా ఏడుస్తంటే ఎట్టా చూసేది? లేపాలిగా."

"మరి ఇన్నేళ్లూ కొవ్వొత్తులు పెట్టావు."

"ఎవరో ఒకరి తండ్రేగా. పెడితే తప్పేముంది?" కాసేపు ఊపిరి తీసుకుంది. "అందుకే ఆ వంటింటి బండ తీయనీలేదు. నా పాలడబ్బుతో చెక్కించిన పేరు తీసుకెళ్లి ఇంకొకరి మీద ఎట్టా వేయనిస్తా? ఇంట్లోనన్నా ఉండనీ అనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఏం చేసేవాడివి? తోటంతా తవ్వేవాడివా?"

కోపం లేదు ఆ గొంతులో. ఉన్నా నేను తట్టుకునేవాణ్నేమో. అప్పటికి నా చేతిలో డబ్బుంది. పాలరాతి సమాధి కట్టించగలను. ఎక్కడ పెట్టమంటావని అడిగాను. "ఎక్కడ చోటుంటే అక్కడ పెట్టు. ఆయన్ని నేను వెతుక్కుంటాలే" అంది. నెల తిరగకుండానే పోయింది. తోటకు అవతలి కొసన చోటు దొరికింది. అక్కడే పెట్టాం. ఆ తర్వాత, వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా నా కళ్లు గట్టు కిందికి పోతుంటే భరించలేక, వడ్రంగిని పిలిచి అడుగంతా చెక్కలు కొట్టించి మూసేశాను. సునీత ఈ ఇంటికి రావడానికి చాలా ముందు సంగతి ఇది.

ఇప్పుడు ఆ తోటలో మట్టి దిబ్బ ఒక్కటి కూడా లేదు. అన్నీ గ్రానైటు, టైల్సు, ఇనప కమ్ముల చట్రాలు. చుట్టూ ఎత్తైన గోడ, లోపల సిమెంటు దారి. మనిషి పోయిన నెల తిరక్కముందే రాయి వేసేస్తున్నారు. మట్టి కుంగడానికి ఆగేవాళ్లు లేరు. మా వంటింట్లో పొగ లేదు, మసి లేదు. సునీత నిలబడి వండుతుంది, మోకాళ్లు నొప్పిపుడితే ఎత్తు స్టూలు మీద కూర్చుంటుంది. స్టూలు ఒకటి చేయించి అమ్మ ముందు పెట్టి ఉన్నా ఆమె ఆ బండ మీద వండేది కాదని నాకు తెలుసు. కానీ నేను అడిగి ఉండాల్సింది.

ఇంతటితో ఆపేస్తే నా తప్పు పాతబడ్డ తప్పుగా, పడుచుతనంలో చేసిందిగా మిగిలిపోతుంది. అది పూర్తి నిజం కాదు. అమ్మ పోయిన మరుసటి సమాధుల పండుగకు, నాన్న పేరున్న రాయి దగ్గర ఒక్కణ్నే నిలబడి ఉన్నాను. యాభై ఏళ్ల మనిషి ఒకావిడ, నేత చీర, చేతిలో ఒకే ఒక కొవ్వొత్తి, వరసలన్నీ వెతుక్కుంటూ వచ్చింది. టీచరమ్మ రాయి మీద పేరు కూడబలుక్కుని చదివింది. ఆ పక్కన మా రాయి చూసి నిలబడిపోయింది.

"అయ్యా, ఈ రాయి ఎవరిదండీ?"

"మా నాన్నదమ్మా."

"ఇక్కడ మా అయ్య ఉండాలండీ. ఈ టీచరమ్మ రాయి అప్పుడే ఉంది. దీని పక్కనే పెట్టాం. తర్వాత పనులకని ఊళ్లు పట్టుకు పోయాం, రాలేకపోయా. ఆ తుఫాను ముందు సంగతి." నా మొహంలోకి చూసింది. "మీ నాన్నగారు తుఫాను ముందు నుంచీ ఇక్కడేనాండీ?"

చెప్పడానికి రెండే మాటలు చాలు. వయసు మళ్లినవాణ్ని, నన్ను అడిగేవాళ్లు లేరు, నవ్వే మామగారు కూడా అప్పటికి లేరు.

"ముందు నుంచీ ఇక్కడేనమ్మా" అన్నాను.

"అయితే నేనే పొరబడ్డానండీ. చాన్నాళ్లయింది గదా" అని ఆమె తల ఊపింది. కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చుట్టూ చూసి, వరసల మధ్య దారిలో, ఎవరి రాయికీ తగలకుండా నేలమీద నిలబెట్టి వెలిగించింది. చేతులు జోడించింది. తర్వాత గేటు వైపు నడిచింది. గేటు దగ్గర విడిచిన చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఆమె చాలాసేపు అక్కడే ఉంది. నేను పిలిస్తే వినపడేంత దూరంలో.